నాలుగు చక్రాలూ పడాలి

క్లెమ్ ట్రెలోర్ కెమెరా కొనాలనుకున్నది ఫోటోల మీద మోజుతో కాదు. డాక్టరు బండి నడపొద్దన్నాడు, అందుకు.

మార్చి నెలలో ఒకరోజు పోర్ట్ అగస్టాలో హార్డ్‌వేర్ షాపుకెళ్ళి, పెయింటు డబ్బాల మధ్య నిలువునా కూలిపోయాడు. కళ్ళు తెరిచేసరికి చుట్టూ నలుగురు చేరి పేరడుగుతున్నారు. పేరు చెప్పి, బయట తన బండిని ఎవరూ రాసుకుంటూ పోలేదు కదా అని అడిగాడు. ఆస్పత్రిలో మూర్ఛ అని తేల్చారు. ఏడాది పాటు స్టీరింగు ముట్టుకోకూడదన్నారు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూద్దామన్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మట్టిరోడ్లు చదును చేసే గ్రేడరు నడిపి, సెలవు దొరికితే చాలు అసలు రోడ్డే లేని చోటికి బండి తోలుకుపోయిన మనిషి. ఇంటికొచ్చి తాళంచెవులు కొక్కేనికి తగిలించాడు.

జూలైలో, అంటే అక్కడి చలికాలంలో, రోడ్డు లేని చోట్ల బండ్లు తోలే వాళ్ళ ఫోర్‌వీల్ క్లబ్బు సింప్సన్ ఎడారి దాటాలని అంతకుముందే నిశ్చయమైంది. క్లబ్బు అధ్యక్షుడు డగ్ పెంగిల్లీ, క్లెమ్ ఒకే బడిలో చదువుకున్నారు. డగ్ పరామర్శకని వచ్చి, టీ తాగి, పళ్ళెంలో బిస్కెట్లన్నీ ఖాళీ చేసి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి అన్నాడు.

"ఇందులో ఆలోచించాల్సిందేముందిరా? నోరీన్ నడుపుతుంది. నువ్వు ఎడమ సీట్లో కూర్చో."

నోరీన్ క్లెమ్ భార్య. ఆ మాట విని ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. క్లెమ్ మాత్రం డగ్ తనను శవపేటికలో పడుకోమన్నట్టు చూశాడు.

క్లబ్బులో ఎడమ సీటంటే సీటు కాదు, ఒక ఉద్యోగం. గేట్లొచ్చినప్పుడు దిగి తియ్యాలి, బండి దాటాక మళ్ళీ వెయ్యాలి. మ్యాపు చూడాలి. ఫ్లాస్కులోంచి టీ పొయ్యాలి. పెద్ద దిబ్బ వస్తే ముందుగా నడిచి పైకెక్కి, అవతలి నుంచి ఎవరూ రావడం లేదని రేడియోలో చెప్పి, బండి ఎక్కుతుంటే ఫోటో తియ్యాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ నోరీన్ ఇవన్నీ చేస్తూనే ఉంది. గొలుసులు లాగి లాగి ఆమె వేళ్ళు నొప్పెడతాయని గాని, బండి లేపిన దుమ్మంతా ఆమె మొహానే పడుతుందని గాని క్లెమ్‌కు ఎన్నడూ తోచలేదు. చెడ్డవాడు కాదు పాపం. కుడి సీట్లోంచి అది కనబడదు, అంతే.

ఫోటోలకు కూడా ఒక పద్ధతుంది. క్లబ్బు ఏటా ఒక క్యాలెండర్ వేస్తుంది. అందులో ఫోటో పడాలంటే బండి నాలుగు చక్రాలూ కనబడాలి, ముందు పొడుగాటి కర్రకు కట్టిన ఎర్రజెండా కొసదాకా కనబడాలి. దిబ్బకు అవతలి వైపు నుంచి వచ్చేవాళ్ళకు మొదట కనిపించేది ఆ జెండాయే కనుక దాని గౌరవం దానికుంది. నాలుగు చక్రాలూ ఎందుకో ఎవరికీ తెలియదు. నాలుగూ ఒకేసారి పడాలంటే బండి కాస్త పక్కకు తిరగాలి, తీసే మనిషి ఇసుకలో బోర్లా పడుకోవాలి. అయినా నియమం నియమమే.

నోరీన్ ఫోటోలు ఏనాడూ క్యాలెండర్ గడప తొక్కలేదు. ఆమె ఫోటోల్లో చక్రాలుండవు. బండి కప్పు ఉంటుంది, ముందు అద్దం ఉంటుంది, బానెట్ సగం ఉంటుంది, చక్రాలు రావలసిన చోటికి ఫోటో అయిపోతుంది. ప్రతి ప్రయాణం తర్వాతా క్లెమ్ అవన్నీ తిరగేసి, "చక్రాలేవి నోరీ?" అనేవాడు. క్లబ్బులో పదిమంది ముందూ అనేవాడు. అందరూ నవ్వేవారు. నోరీన్ కూడా నవ్వి ఊరుకునేది.

అందుకని, ఎడమ సీటు తప్పదనుకున్నాక, కనీసం ఆ పనైనా ఎలా చెయ్యాలో చేసి చూపిద్దామనుకున్నాడు క్లెమ్. చక్రాలతో సహా.

బండి కొనేటప్పుడు ఏమేం చూశాడో కెమెరాకూ అవే చూశాడు. దుమ్ము పోకుండా లోపల రబ్బరు సీళ్ళున్నాయా, బండి బ్యాటరీ నుంచి చార్జి అవుతుందా, చేతితొడుగులతో మీటలు తిరుగుతాయా, దారిలో చెడిపోతే ఎడారి అవతలి ఊరు బర్డ్స్‌విల్‌లో బాగుచేసేవాళ్ళున్నారా. చివరి ప్రశ్న అన్ని కంపెనీలకూ రాశాడు. ఒక్కరూ జవాబివ్వలేదు. ఏప్రిల్లో ఒక కెమెరా ఖాయం చేశాడు. మేలో దానికంటే మంచిదొకటి రాబోతోందని ఎక్కడో చదివి మళ్ళీ మొదటికొచ్చాడు.

లెన్సుల దగ్గరికొచ్చేసరికి పూర్తిగా మునిగిపోయాడు. వెడల్పుగా చూపించే లెన్సయితే దిబ్బంతా పడుతుంది గాని బండి అగ్గిపెట్టెంత అవుతుంది. దూరాన్ని దగ్గరికి లాగే లెన్సయితే బండి బాగా పడుతుంది గాని దిబ్బ మాయమవుతుంది. దిబ్బ లేకపోతే అది ఇంటి ముందు ఆపిన బండితో సమానం. వంటింటి బల్ల మీద రొట్టె ఒకటి అడ్డంగా పెట్టి దాన్ని దిబ్బనుకుని, దాని మీద సాసు సీసా నిలబెట్టి అది బండి అనుకుని, ఒక కన్ను మూసి కింద నుంచి చూసేవాడు. నోరీన్ కాసేపు చూసి, దిబ్బను ముక్కలు కోసి పళ్ళెంలో వేసేది.

డగ్ ఫోన్ చేసి పేర్లు ఇచ్చెయ్యమంటావా అని అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: కెమెరా ఇంకా తేలలేదు. కెమెరా తేలకపోతే ప్రయాణం తేలదు, ప్రయాణం తేలకపోతే ఎడమ సీటు తేలదు. ఆ సంగతి నోరీన్‌కు తెలుసు. నిజానికి క్లెమ్‌కూ తెలుసు. ఆమె కుడిపక్కన కూర్చుని దిబ్బ ఎక్కిస్తుంటే తను చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చోవడం తలుచుకోవడమే అతనికి ఇష్టం లేదు. ఒకసారి ఆ సీటు దిగితే ఇక మళ్ళీ ఎక్కడమంటూ ఉండదేమోనని భయం. బండి నడపని క్లెమ్ ట్రెలోర్ ఎవరికి కావాలి? ఈ ప్రశ్న పైకి అడిగే మనిషి కాదు కాబట్టి ఇంకో కెమెరా గురించి చదవడం మొదలుపెట్టేవాడు.

మే నెలంతా ప్రతి ఆదివారం నోరీన్ చర్చిలో పనుందని బండేసుకుని వెళ్ళి, బూట్ల నిండా ఇసుకతో తిరిగొచ్చింది. చర్చిలో అంత ఇసుక ఎక్కడిదని క్లెమ్ అడగలేదు. ఊరవతల తిన్నెల మీద డగ్ ఆమెకు నేర్పిస్తున్నాడని ఊరందరికీ తెలుసు. అడిగితే తనకూ తెలిసినట్టవుతుంది.

జూన్లో ఆమె విసిగిపోయి అతన్ని బండెక్కించి అడిలైడ్‌లో కెమెరాల షాపు ముందు దింపింది. కౌంటరు దగ్గర ఎలెనీ అనే ఆవిడ అతను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. చాలాసేపు పట్టింది.

"ఒక్క మాట చెబుతా వినండి," అంది చివరికి. "మధ్యరకం లెన్సు ఒకటి తగిలించుకోండి. ఇంటికొచ్చేదాకా దాన్ని ఊడదియ్యకండి. ఎడారిలో లెన్సు మార్చారంటే, దుమ్మును చేయి పట్టి లోపలికి తీసుకొచ్చినట్టే."

ఒక్క స్పేరు టైరుతో ఎడారికి ఎవడైనా వెళ్తాడా అని అడిగాడు క్లెమ్. ఆవిడ బిల్లు పుస్తకం దగ్గరికి లాక్కుంది. కెమెరాతోపాటు వెడల్పుదొకటి, పొడుగుదొకటి, రెండు లెన్సులూ కట్టి ఇచ్చింది. దుమ్ము ఊదుకోవడానికని చేత్తో నొక్కే చిన్న రబ్బరు బుడ్డి కూడా ఊరికే ఇచ్చింది. క్లెమ్ దాన్ని ఒకసారి నొక్కి చూశాడు. పుస్సుమంది. మనవరాలికి ఇస్తే ఆడుకుంటుందని కోటు జేబులో వేసుకున్నాడు.

జూలైలో బయల్దేరారు. ఊడ్నడట్టా అనే ఊరు దాటాక మొదటి గేటొచ్చింది. నోరీన్ బండి ఆపింది. క్లెమ్ గేటు కేసి చూశాడు. నోరీన్ కూడా గేటు కేసి చూసింది. వెనక బండ్లన్నీ ఒకటొకటే వచ్చి ఆగాయి. ఈమె ఇంకా దిగదేమిటా అని క్లెమ్ పక్కకు తిరిగాడు. ఆమె రెండు చేతులూ స్టీరింగు మీదున్నాయి.

"గేటు," అంది నోరీన్.

"కనబడుతోంది," అన్నాడు క్లెమ్.

రేడియోలో డగ్ గొంతు వచ్చింది, బండేమైనా మొరాయించిందా అని. అప్పటికి గానీ క్లెమ్‌కు వెలగలేదు. దిగాడు. గొలుసుతో కాసేపు కుస్తీపట్టి గేటు తీశాడు. బండ్లన్నీ దాటేదాకా నిలబడి, వాటి దుమ్మంతా మింగి, గేటు వేసి వచ్చి కూర్చుని తుమ్మాడు. ఈ గొలుసులు ఎప్పుడూ ఇంత మొండిగానే ఉంటాయా అని అడిగాడు. గొలుసులు గొలుసుల్లాగే ఉంటాయంది నోరీన్, గేరు వేస్తూ.

టైర్లలో గాలి సగానికి దించి ఎడారిలోకి దిగారు. దిబ్బ తర్వాత దిబ్బ. నోరీన్ నిదానంగా, ఒకటే జోరుతో ఎక్కించింది, దింపింది. ఎక్కడా ఇరుక్కోలేదు. క్లెమ్ నోరు మాత్రం ఆగలేదు. గేరు మార్చు, ఇప్పుడొద్దు, ఇప్పుడు తొక్కు, అంత వద్దు, ఎడమ గాడి చూడు, కొసన వదిలెయ్. మొదట్లో ఆమె ఊఁ కొట్టింది. తర్వాత అదీ మానేసింది.

నోటికి పని లేనప్పుడు చేతులకు పని చెప్పాడు. దిబ్బ వస్తే వెడల్పు లెన్సు, మైదానం వస్తే పొడుగు లెన్సు, గద్ద కనబడితే మళ్ళీ పొడుగు, అది ఎగిరిపోతే మళ్ళీ వెడల్పు. ఒకదాన్ని ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని, రెండోదాన్ని మోకాళ్ళ మధ్యనుంచి తీసి తగిలించేవాడు. కిటికీ తెరిచే ఉండేది. ఫోటోల్లో చక్రాలు పడ్డాయి. నాలుగూ పడ్డాయి. డగ్ చూసి, ఇది డిసెంబరు పేజీకి రాసిపెట్టి ఉందన్నాడు. క్లెమ్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

మర్నాటికి ఫోటోల్లో ఆకాశం నిండా నల్లచుక్కలొచ్చాయి. ఆ మర్నాటికి చుక్కలు పిల్లల్ని పెట్టాయి. సాయంత్రం డేరాలు వేశాక అందరూ కెమెరా చుట్టూ చేరి చూశారు. దుమ్ము లోపలికి పోయింది, సందేహం లేదు.

ఎడారిలో లోపలికి పోయిన దుమ్మును ఏం చెయ్యాలో ఆ క్లబ్బులో తెలియనివాళ్ళు లేరు. సాయంత్రమయ్యేసరికి ఇంజను గాలి ఫిల్టరు బయటికి తీసి, టైర్లకు గాలికొట్టే కంప్రెసరుతో ఊదేస్తారు. పళ్ళు తోముకోవడం మరిచిపోయినా అది మరిచిపోరు. క్లెమ్ కంప్రెసరు పెట్టె దింపాడు. గొట్టం కొసకు సన్నటి ముక్కు బిగించాడు. లెన్సు ఊడదీసి, కెమెరా నోరు కిందికి వంచి పట్టుకున్నాడు, ఫిల్టరును పట్టుకునేది అలాగే కనుక. మీట నొక్కాడు.

దుమ్మంతా పోయింది. దాంతోపాటు లోపలున్న పలచటి నల్ల రెక్కలు కూడా ఒకటి మడతపడి, ఒకటి ఊడి, ఇసుకలో పడ్డాయి. వాటిని షట్టరంటారని తర్వాత తెలిసింది. అందరూ ఇసుకలోకి చూశారు.

"ఎంత ప్రెషరు పెట్టావురా?" అన్నాడు డగ్.

"ఫిల్టరుకు పెట్టినంతే."

డగ్ తల పంకించాడు. "కాస్త తగ్గించాల్సింది."

క్లెమ్ కెమెరాను, రెండు లెన్సులనూ మెత్తటి పెట్టెలో మళ్ళీ ఎక్కడివక్కడ సర్ది మూత వేశాడు. కోటు జేబులో చెయ్యి పెడితే రబ్బరు బుడ్డి తగిలింది. పుస్సుమంది.

నోరీన్ బండి దగ్గరికి వెళ్ళింది. ముందు అరలోంచి తన పాత కెమెరా తీసి అతని చేతిలో పెట్టింది. సబ్బుబిళ్ళంత కెమెరా. బ్యాటరీ తలుపు విరిగిపోతే జుట్టుకు పెట్టుకునే రబ్బరుబ్యాండు చుట్టి ఉంచింది. ఇది పనిచేస్తుందంది. అంతే అంది. తిట్టి ఉంటే బాగుండునని అనిపించింది క్లెమ్‌కు.

బర్డ్స్‌విల్ ఇంకాసేపట్లో వస్తుందనగా బిగ్ రెడ్ ఉంటుంది. ఆ దారిలో అన్నిటికంటే పెద్ద దిబ్బ. ఎక్కలేకపోయినవాళ్ళు చక్రాలు గిర్రున తిప్పి తిప్పి దాని ఒంటి నిండా గోతులు పెట్టి ఉంచుతారు. పక్కనుంచి చుట్టుదారి ఉంది. ఆ దారిన పోయినవాళ్ళు ఎడారి దాటినట్టు క్లబ్బు ఒప్పుకోదు. క్లెమ్ నడిచి పైకెక్కాడు, ఒక చేతిలో రేడియో, ఇంకో చేతిలో సబ్బుబిళ్ళ. ఒకటొకటిగా బండ్లన్నీ ఎక్కి అవతలికి దిగాయి. డగ్ కూడా దిగాడు. కింద నోరీన్ ఒక్కతే మిగిలింది.

దారి ఖాళీగా ఉంది, రమ్మన్నాడు. ఆమె బయల్దేరింది. అతను రేడియో నోటికి ఆనించుకుని మొదలుపెట్టాడు. రెండో గేరు, తొక్కు, ఇంకా తొక్కు, ఎడమ, ఎడమ కాదు, గొయ్యి, వదలొద్దు. సగం పైకి వచ్చాక బండి తడబడి ఆగిపోయింది. తిప్పొద్దు, తిన్నగా వెనక్కి దించమన్నాడు. అప్పటికే దించుతోంది ఆమె.

రెండోసారి ఇంకా ముందే ఆగింది. క్లెమ్ గొంతు బొంగురుపోయింది. ఆత్రంలో కెమెరాను పిసికేశాడేమో, రబ్బరుబ్యాండు పుటుక్కున తెగి ఇసుకలో ఎటో పోయింది. బ్యాటరీ తలుపు వేలాడింది. ఆ సంగతి కూడా రేడియోలోనే చెప్పాడు, అదీ ఆమె తప్పే అన్నట్టు.

కాసేపు రేడియో గరగరలాడింది. తర్వాత నోరీన్ గొంతు వచ్చింది.

"క్లెమ్, నువ్వు ఫోటో తియ్యి."

"తీస్తాలే, ముందు నువ్వు రెండో గేర్లో..."

"ఆ తలుపును ఒక చేత్తో అదిమిపట్టుకోవాలి. రెండో చేత్తో బటన్ నొక్కాలి. రేడియో పట్టుకుంటే కుదరదు."

"మరి నీకు చెప్పేదెవరు?"

"రేడియో కింద పెట్టు," అంది నోరీన్. గొంతులో కోపం లేదు. టీలో పాలు సరిపోయాయా అని అడిగినట్టుంది.

క్లెమ్ రేడియో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని కింద పెడితే ఇక తన వల్ల ఆ బండికి కాగల సాయం ఏదీ లేదు. ఎక్కితే ఆమె ఎక్కినట్టు, ఆగితే ఆమె ఆగినట్టు. మార్చి నుంచీ అతను తప్పించుకు తిరుగుతున్నది సరిగ్గా దీన్నే. కింద ఇంజను తిరుగుతోంది. ఆమె తొందరపెట్టలేదు.

రేడియోను ఇసుకలో పెట్టాడు. దుమ్ము పోతుందేమోనని టోపీ తీసి దాని మీద కప్పాడు.

బోర్లా పడుకున్నాడు, నాలుగు చక్రాలూ పడాలని. ఎడమ బొటనవేలితో తలుపు అదిమి, తెరలోకి చూశాడు. బండి కదిలింది. ఎర్రజెండా ఊగుతోంది. మొదటి గొయ్యి దగ్గర ఎడమకు తియ్యి అనబోయాడు. చెయ్యి ఖాళీగా లేదు. ఆమె ఎడమకు తీసింది. సగం దాటింది. తడబడిన చోటు దాటింది. బండి ఊగుతున్నప్పుడల్లా అద్దం వెనక ఆమె మొహం కనబడి మాయమై మళ్ళీ కనబడుతోంది. నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది, పైకి తోసుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు ఆమెకు కూడా. ఇన్నేళ్ళలో ఆమె అలా నాలిక కొరుక్కుంటుందని అతనికి తెలియదు. ఇరుక్కుపోతుందేమో, తలకిందులవుతుందేమో, ఆమెకు దెబ్బ తగులుతుందేమో. జెండా లేదు, దిబ్బ లేదు, నాలిక పళ్ళ మధ్య పెట్టుకున్న ఆ మనిషి తప్ప తెరలో అతనికింకేమీ కనబడలేదు. ఆమె ఎటు ఊగితే కెమెరా అటే ఊగింది. బటన్ నొక్కాడు.

బండి దిబ్బ కొస దాటి, ఒక్క క్షణం గాల్లో ఉండి, పైన చదునులో దబ్బుమని ఆగింది. నోరీన్ ఇంజను ఆపింది. దిగి, తలుపు పట్టుకుని కాసేపు నిలబడింది. క్లెమ్ లేచి ఒళ్ళు దులుపుకోకుండానే వచ్చాడు. ఆమె చెయ్యి చాచింది, కెమెరా ఇమ్మని.

తెరలోకి చాలాసేపు చూసింది. అందులో బండి కప్పుంది, ముందు అద్దముంది, బానెట్ సగముంది. అద్దం వెనక ఆమె ఉంది.

"చక్రాలేవి, క్లెమ్?" అంది.

అతను వంగి మళ్ళీ తెరలోకి చూశాడు. ఇంట్లో మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్న, ఆమె తీసిన ఫోటోలన్నీ, చక్రాల్లేని ప్రతి ఒక్కటీ, గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది. దుమ్మని చెప్పి తప్పించుకుందామనుకున్నాడు గాని ఆమె నమ్మదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"ఏమని?"

"ఇన్నాళ్ళూ నువ్వు తీసింది బండిని కాదని."

"నువ్వు అదెప్పుడడిగావు?" అంది నోరీన్. "చక్రాలేవని అడిగావు."

టోపీ కింద రేడియో గరగరలాడింది. క్లెమ్ వెళ్ళి తీశాడు. అవతలి నుంచి డగ్.

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"ఫోటో వచ్చిందా? నాలుగు చక్రాలూ పడ్డాయా?"

"ఒక్కటీ పడలేదు."

"అయ్యో. పోన్లే, కిందికి దించి ఇంకోసారి ఎక్కించమను. మేమిక్కడ ఆగుతాం."

క్లెమ్ నోరీన్ వైపు చూశాడు. ఆమె అప్పటికే కుడి సీట్లో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటోంది. అతను చుట్టూ తిరిగి ఎడమ వైపు తలుపు తీసి, ఎక్కి కూర్చుని, ఫ్లాస్కు మూత తిప్పి ఆమెకు టీ పోశాడు. కప్పు ఆమె చేతికి అందాక రేడియో బటన్ నొక్కాడు.

"అక్కర్లేదు డగ్," అన్నాడు. "ఫోటో వచ్చింది."